చికోరీ: వేరు నుంచి వచ్చిన కాఫీ

చికోరీ పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క. దాని వేరును ముక్కలుగా తరిగి, ఎండబెట్టి, ముదురు రంగు వచ్చేదాకా వేయించి పొడి చేస్తే కాఫీని తలపించే పానీయం తయారవుతుంది. రంగు, చేదు, చిక్కదనం కాఫీవే అనిపిస్తాయి. కెఫీన్ మాత్రం బొత్తిగా ఉండదు. వేయించిన వేళ్ళతో చేసే కాఫీ ప్రత్యామ్నాయాల్లో ప్రపంచమంతటా ఎక్కువ వాడుకలో ఉన్నది ఇదే. తెలుగు ఇళ్ళలో పొద్దున్నే ఫిల్టర్ నుంచి దిగే డికాక్షన్‌లో దీని వంతు ఎంతో కొంత ఉంటుంది. అయినా ఇది ఒక మొక్క వేరని తెలిసినవారు తక్కువ. కాఫీలో కలిపే చవక సరుకుగానే ఎక్కువమంది దీని పేరు విన్నారు. కాఫీ అందని కాలాల్లో కోట్లమందికి వేడి గుక్కను అందించిన ఈ వేరుకు తనదైన రుచి, రసాయన శాస్త్రం, రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉన్నాయి.

మొక్క

చికోరీ శాస్త్రీయ నామం సికోరియం ఇంటిబస్. యూరప్, పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా దీని పుట్టిల్లు. మూడు నాలుగు అడుగుల ఎత్తు పెరిగి లేత నీలం పూలు పూస్తుంది. ఆ పూలు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. ఏ పువ్వు ఏ వేళకు విచ్చుతుందో గమనించి 1751లో పూల గడియారాన్ని ఊహించిన స్వీడన్ వృక్ష శాస్త్రవేత్త లినేయస్, తన జాబితాలో చికోరీకీ చోటిచ్చాడు.

ఈ మొక్కను మూడు పనులకు పెంచుతారు. కొన్ని రకాలను ఆకుకూరగా తింటారు. మరికొన్నింటి వేళ్ళను చీకటి గదుల్లో మొలిపించి, తెల్లని మొగ్గలాంటి లేత ఆకులను బెల్జియంలో కూరగా వండుకుంటారు. కాఫీకి పనికొచ్చేది మూడో రకం. దీని వేరు ముల్లంగిలా లావుగా, పొడుగ్గా, లోపల తెల్లగా ఉంటుంది. మొక్క మొదటి ఏడాది ఆకులు వేసి, తయారుచేసుకున్న ఆహారాన్ని వేరులో దాచుకుంటుంది. రెండో ఏడాది ఆ నిల్వను ఖర్చుపెట్టి పూతకు వస్తుంది. అందుకే రైతు మొదటి పంటకాలం చివరనే వేరు తవ్వుతాడు. పూతకొచ్చిన మొక్క వేరు పీచుపట్టి, తీపి తగ్గి కాఫీకి పనికిరాకుండా పోతుంది.

వేరులో ఏముంది

పచ్చి చికోరీ వేరులో మూడొంతులకు పైగా నీరే. మిగిలిన ఘన పదార్థంలో పెద్ద భాగం ఇనులిన్. తాజా వేరు బరువులో ఇది 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. బంగాళాదుంప తన ఆహారాన్ని పిండిగా దాచుకుంటే చికోరీ ఇనులిన్‌గా దాచుకుంటుంది. పిండి పదార్థం గ్లూకోజ్ గొలుసు, ఇనులిన్ ఫ్రక్టోజ్ గొలుసు. 1804లో జర్మన్ శాస్త్రవేత్త వాలెంటిన్ రోజ్ దీన్ని ఇనులా అనే మరో మొక్క వేరులో కనుగొన్నాడు. ఆ మొక్క పేరే దీనికి వచ్చింది.

వేరును కోయగానే పాలు కారతాయి. వాటిలోని లాక్టూసిన్, లాక్టూకోపిక్రిన్ అనే పదార్థాలే చికోరీ చేదుకు మూలం. కాఫీ చేదులో కొంత కెఫీన్ వల్ల వస్తుంది, చికోరీ చేదుకు దానితో సంబంధం లేదు. నాలుక రెండింటినీ చేదుగానే గుర్తించినా, ఒంటి మీద వాటి ప్రభావం వేరు.

వేయించినప్పుడు జరిగేది

పచ్చి వేరును కాచి తాగితే కాఫీ గుర్తుకే రాదు. కాఫీ లక్షణాలన్నీ వేయించినప్పుడు పుట్టేవే. వేడి తగిలినకొద్దీ ఇనులిన్ గొలుసులు తెగి చిన్న చక్కెరలవుతాయి. వాటిలో కొంత భాగం బెల్లం పాకం ముదిరినట్టు గోధుమ రంగుకు తిరుగుతుంది. మరికొంత వేరులోని అమైనో ఆమ్లాలతో కలిసి కమ్మని వాసనలను పుట్టిస్తుంది. దీన్ని మైలార్డ్ చర్య అంటారు. రొట్టె కాలినప్పుడు, వేరుశనగలు వేగినప్పుడు, కాఫీ గింజలు వేగినప్పుడు జరిగేదీ ఇదే. వేయించిన చికోరీ కాఫీలా వాసన రావడానికి కారణం ఈ చర్యే.

తేడాలూ ఇక్కడే మొదలవుతాయి. కాఫీ గింజలో నూనె ఉంటుంది, వేయించినప్పుడు దాని పరిమళాన్ని పట్టి ఉంచేది ఆ నూనే. చికోరీ వేరులో నూనె చాలా తక్కువ, చక్కెరలు ఎక్కువ. కనుక చికోరీ వాసన కాఫీ అంత ఎత్తుకు వెళ్ళదు. రంగు, చిక్కదనం మాత్రం దానికి మించి ఇస్తుంది. వేయించిన కాఫీ పొడిలో వేడినీటిలో కరిగేది సుమారు 30 శాతం. చికోరీలో కరిగేది అందుకు రెట్టింపు వరకూ ఉంటుంది. చెంచాడు చికోరీ కలిపితే డికాక్షన్ ఒక్కసారిగా నల్లబడి చిక్కగా దిగడంలోని రహస్యం ఇదే.

చరిత్ర: ఐరోపా, అమెరికా

పద్దెనిమిదో శతాబ్దంలో కాఫీ ఐరోపాకు ఓడల మీద దిగుమతి అయ్యే సరుకు. కాఫీ పండే వలసరాజ్యాలు లేని జర్మన్ రాజ్యాలకు అది బంగారం బయటికి పోయే దారి. ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ 1777లో ప్రజలు కాఫీ మాని బీరు తాగాలని ప్రకటించాడు. 1781లో కాఫీ వేయించే హక్కును ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి తెచ్చాడు. లైసెన్సు లేకుండా ఏ ఇంట్లో గింజలు వేగుతున్నాయో వాసన పట్టి చెప్పడానికి మాజీ సైనికులను వీధుల్లో తిప్పాడు. అప్పటికే, 1770 ప్రాంతంలో, బ్రౌన్‌ష్వైగ్‌లోనూ బెర్లిన్‌లోనూ చికోరీ కాఫీ తయారీకి అనుమతులు వచ్చాయి. సొంత పొలంలో పండే వేరుకు దిగుమతి సుంకం ఉండదు. పేదవాడి కప్పు దాంతో నిండింది.

చికోరీని ఖండమంతటా పాకించింది నెపోలియన్ యుద్ధాలు. 1806 నవంబరులో బెర్లిన్ డిక్రీ ద్వారా నెపోలియన్ బ్రిటన్‌తో వాణిజ్యాన్ని నిషేధించాడు. సముద్రం మీద బ్రిటిష్ నౌకాదళం అడ్డుపడింది. కాఫీ, చెరకు చక్కెర రెండూ అందకుండా పోయాయి. చక్కెర స్థానంలో బీట్ చక్కెర, కాఫీ స్థానంలో చికోరీ వచ్చాయి. యుద్ధం ముగిసి కాఫీ తిరిగి వచ్చినా ఫ్రెంచివారు చికోరీని వదల్లేదు. ఉత్తర ఫ్రాన్స్‌లోని ఓర్షీ పట్టణంలో 1858లో మొదలైన లెరూ సంస్థ నేటికీ చికోరీ తయారుచేస్తోంది. అక్కడ పాలలో చికోరీ కలుపుకుని తాగడం ఇంటింటి అలవాటు.

ఇదే కథ అమెరికాలోనూ జరిగింది. ఫ్రెంచి సంస్కృతి వేళ్ళూనిన న్యూ ఆర్లీన్స్‌లో కాఫీలో చికోరీ కలపడం ముందే ఉంది. అంతర్యుద్ధంలో దక్షిణ రేవులను ఉత్తరాది నౌకాదళం దిగ్బంధించడంతో కాఫీ కరువైంది. ప్రజలు రై గింజలు, ఓక్ కాయలు, బెండ గింజలు, చిలగడదుంప ముక్కలు వేయించి కాచుకున్నారు. యుద్ధం తర్వాత వీటిలో చాలావరకు మరుగున పడగా న్యూ ఆర్లీన్స్‌లో చికోరీ నిలిచిపోయింది. 1862 నాటి కెఫే డు మాండ్‌లో నేటికీ చికోరీ కాఫీని వేడిపాలతో సగంసగం కలిపి ఇస్తారు.

చికోరీకి ఇలాంటి ఇష్టంతోపాటు చేదు జ్ఞాపకమూ ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో జర్మన్లు చికోరీ, బార్లీ, ఓక్ కాయల పానీయాలతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1977లో కాఫీ ధరలు పెరిగినప్పుడు తూర్పు జర్మనీ ప్రభుత్వం 51 శాతం కాఫీకి వేయించిన ధాన్యం, చికోరీ, చక్కెర బీట్ వంటివి కలిపి అమ్మింది. జనం దాన్ని తిప్పికొట్టారు, ప్రభుత్వం వెనక్కి తగ్గక తప్పలేదు. న్యూ ఆర్లీన్స్‌వాసి ఇష్టపడి తాగిన వేరునే బెర్లిన్‌వాసి కాదన్నాడు. ఒకరు ఎంచుకున్నారు, మరొకరి మీద రుద్దారు.

భారతదేశంలో

చికోరీ ఆకు, గింజ, వేరు మన దేశానికి కాఫీ కన్నా ముందే మందుగా తెలుసు. యునానీ వైద్యంలో దీని పేరు కాస్నీ. కాలేయం, మూత్రపిండాల బాధలకు వాడే షర్బత్-ఎ-బజూరీలో కాస్నీ గింజలు, వేరు రెండూ పడతాయి. చార్మినార్ పక్కన యునానీ ఆసుపత్రి, వైద్య కళాశాల ఉన్న హైదరాబాదులో మూలికల దుకాణాలకు ఈ పేరు కొత్తది కాదు. మందుల కొట్లో కాస్నీగా, కాఫీ పొడి కొట్లో చికోరీగా ఒకే మొక్క రెండు పేర్లతో దొరుకుతోంది.

కాఫీలో చికోరీ కలిపే అలవాటు బ్రిటిష్ కాలంలో బలపడింది. 1876లో గ్లాస్గోకు చెందిన పేటర్సన్ సంస్థ తెచ్చిన క్యాంప్ కాఫీ అనే పాకం సీసాలో కాఫీ సారంతోపాటు చికోరీ సారమూ ఉండేది. భారతదేశంలోని స్కాటిష్ సైనికులను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన ఆ సీసా బొమ్మలో సైనికాధికారి, సిక్కు సేవకుడు కనిపించేవారు. దేశంలో ఇప్పుడు చికోరీ ప్రధానంగా గుజరాత్‌లోని జామ్‌నగర్, ఆణంద్ వైపు, ఉత్తర ప్రదేశ్‌లోని ఏటా, కాస్‌గంజ్ వైపు రబీ పంటగా పండుతుంది. చలికాలంలో విత్తి ఎండలు ముదిరే వేళకు తవ్వుతారు.

తెలుగు నేలలో పండేది కాఫీ. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు కొండల్లో గిరిజన రైతులు పండించే అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చికోరీ మనకు పొడిగానే వస్తుంది. కాఫీ గింజలు మర పట్టించే దుకాణంలో నిలబడితే వినపడే మొదటి ప్రశ్న "చికోరీ ఎంత కలపమంటారు?" అనేదే. ప్యూర్ అనేవారు కొందరు, ఎనభై ఇరవై అనేవారు కొందరు, డెబ్బై ముప్పై అనేవారు మరికొందరు. ఇత్తడి లేదా స్టీలు ఫిల్టర్‌లో నీరు నెమ్మదిగా దిగేటట్టు పట్టి ఉంచి డికాక్షన్‌ను చిక్కబరిచేది చికోరీయే. పాలు ఎక్కువ పోసినా కాఫీ పలచబడినట్టు అనిపించకపోవడం దాని పుణ్యమే. చిక్కని ఫిల్టర్ కాఫీ అని మనం మెచ్చుకునే రుచిలో కొంత భాగం ఈ వేరుదే.

ఒక విషయం ఇక్కడ స్పష్టంగా చెప్పుకోవాలి. చికోరీ కలిపిన కాఫీ కెఫీన్ లేని కాఫీ అవదు. డెబ్బై ముప్పై పొడిలో డెబ్బై వంతుల కాఫీ తన కెఫీన్‌తోనే ఉంటుంది. అరబికా గింజలో సుమారు 1.2 శాతం, రోబస్టాలో సుమారు 2.2 శాతం కెఫీన్ ఉంటుంది కనుక, ఏ గింజ వాడారన్నదీ లెక్కకు వస్తుంది. కెఫీన్ పూర్తిగా వద్దనుకునేవారు వంద శాతం చికోరీనే కాచుకోవాలి.

తయారీ

కర్మాగారంలో తవ్విన వేళ్ళను కడిగి, ముక్కలుగా కోసి, వేడిగాలిలో తేమ పది శాతం దరిదాపులకు వచ్చేదాకా ఆరబెడతారు. ఈ ఎండు ముక్కలు నెలల తరబడి నిలవ ఉంటాయి. వీటిని తిరిగే పీపాల్లో సుమారు 130 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య వేయించి, చల్లార్చి, పలుకులుగా లేదా మెత్తని పొడిగా మర పడతారు. సారం తీసి చిక్కని పాకంగానో, వెంటనే కరిగే పొడిగానో కూడా అమ్ముతారు. ఇప్పుడు బెల్జియం, నెదర్లాండ్స్‌లో పండే వేరులో ఎక్కువ భాగం కాఫీకి కాకుండా ఇనులిన్ తీయడానికే పోతోంది. పెరుగు, బిస్కెట్లు, పిల్లల ఆహారంలో పీచుపదార్థంగా దాన్ని వాడుతున్నారు.

ఇంట్లో చేసుకోవాలంటే పద్ధతి ఇది. తాజా వేళ్ళు దొరికితే మట్టి పోయేదాకా బ్రష్‌తో రుద్ది కడగాలి. అన్నీ ఒకే పరిమాణంలో, సెంటీమీటరు ముక్కలుగా కోయాలి. ముక్కలు చిన్నవీ పెద్దవీ కలిస్తే చిన్నవి మాడిపోయే వేళకు పెద్దవి పచ్చిగా ఉంటాయి. నాలుగైదు రోజులు మంచి ఎండలో, వంచితే పుటుక్కున విరిగేదాకా ఎండబెట్టాలి. కిలో పచ్చి వేరు ఎండితే 200 నుంచి 250 గ్రాములు మిగులుతుంది. తాజా వేరు దొరకనిచోట ఎండు ముక్కలతో మొదలుపెట్టవచ్చు.

మందపు మూకుడులో సన్నని సెగ మీద, చేయి ఆపకుండా కలుపుతూ వేయించాలి. ఓవెన్ ఉంటే 160 డిగ్రీల దగ్గర పెట్టి, పది నిమిషాలకోసారి తిరగేయాలి. మొదట ఉడికిన దుంప వాసన వస్తుంది. తర్వాత బెల్లం పాకం వాసన. ఆపైన కాఫీ వాసన తోస్తుంది. ముక్క లోపల కూడా ముదురు బెల్లం రంగుకు రాగానే దింపి, వేడి మూకుడులో ఉంచకుండా పళ్ళెంలోకి తీసి ఆరబోయాలి. ఇంకొంచెం ఉంచితే చేదు మాడు వాసనగా మారుతుంది. చల్లారాక బరకగా పొడి కొట్టి, గాలి చొరని సీసాలో పెట్టాలి. దీనిలోని చక్కెరలు గాలిలోని తేమను లాగేస్తాయి కనుక, తడి చెంచా పెట్టినా, మూత వదులైనా పొడి గడ్డకడుతుంది.

కాచేటప్పుడు ఫిల్టర్ కన్నా గిన్నె మేలు. వట్టి చికోరీ పొడి తడిస్తే ఉబ్బి జిగురుగా మారి ఫిల్టర్ రంధ్రాలను మూసేస్తుంది. గ్లాసు నీటికి చెంచాన్నర పొడి వేసి, సన్నని సెగ మీద ఐదు నిమిషాలు మరిగించి వడకట్టాలి. పాలు, బెల్లం లేదా చక్కెర రుచికి తగినంత. కాఫీ మానేసినవారికి మొదటిరోజు ఇది తీయగా, కాస్త వేరు రుచిగా అనిపిస్తుంది. పోలిక వెతక్కుండా పది రోజులు తాగితే నాలుకకు దాని రుచి దానిగా తెలుస్తుంది.

ఇతర వేళ్ళు

డాండెలైన్ అనే పసుపుపచ్చ పూల మొక్క వేరును బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా దేశాల్లో వేయించి తాగుతారు. ఇదీ పొద్దుతిరుగుడు కుటుంబమే, ఇందులోనూ ఇనులిన్ ఉంది. శరత్కాలంలో తవ్విన వేరులో ఇనులిన్ ఎక్కువ. కెనడా అడవుల్లో స్థిరపడ్డ ఆంగ్ల రచయిత్రి సుసన్నా మూడీ 1852లో ప్రచురించిన 'రఫింగ్ ఇట్ ఇన్ ది బుష్'లో ఈ కాఫీ తయారీని వివరించింది. జపాన్‌లో గోబో అని పిలిచే బర్డాక్ వేరును వేయించి టీలా కాస్తారు. ఐరోపాలో చక్కెర బీట్, క్యారెట్లనూ ఈ పనికి వాడారు. 1971లో పోలండ్‌లో వచ్చిన ఇంకా అనే పానీయంలో రై, బార్లీలతోపాటు చికోరీ ఉంది.

మన ఊళ్ళ గట్ల మీద కనిపించే గడ్డి చామంతిని చూసి డాండెలైన్ అనుకోకూడదు. అది వేరే మొక్క. పోల్చుకోలేని మొక్క వేరును తవ్వి వేయించడం ప్రమాదం. రోడ్ల పక్క, మురుగు కాలువల పక్క పెరిగినవి మట్టిలోని సీసం వంటి లోహాలను పీల్చుకుని ఉంటాయి. మనకు తెలిసిన వేళ్ళలో సుగంధిపాల రాయలసీమలో నన్నారి షర్బత్‌గా సుపరిచితం. దాని విలువ పరిమళంలో ఉంది, అందుకే పాకంలోకి దించుతారు. కాఫీ పొడి లేకుండా శొంఠి, ధనియాలు, బెల్లం కాచి కాఫీ అని పిలుచుకునే అలవాటు మన ఇళ్ళలో ముందునుంచీ ఉన్నదే.

ఆరోగ్యం

చికోరీ ప్రధాన లాభం దానిలో లేనిదాని వల్ల వస్తుంది. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి తొలగడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. నిద్ర పట్టనివారికి, గుండె దడ, ఆదుర్దా ఉన్నవారికి సాయంత్రం కాఫీ స్థానంలో చికోరీ ఊరట. గర్భిణులు కెఫీన్‌ను రోజుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంచుకోవాలని ఐరోపా ఆహార భద్రతా సంస్థ సూచించింది. కానీ వారు చికోరీని రోజూ తాగాలనుకుంటే వైద్యులను అడిగి మొదలుపెట్టడం మంచిది.

వేగకుండా మిగిలిన ఇనులిన్ పేగుల్లోని మంచి బాక్టీరియాకు ఆహారం. ఎక్కువైతే అదే కడుపుబ్బరానికి, గ్యాస్‌కు కారణం. వయ్యారిభామ, చామంతి వంటి మొక్కలు పడనివారికి ఒకే కుటుంబం కావడం వల్ల చికోరీ కూడా పడకపోవచ్చు. పిత్తాశయంలో రాళ్ళున్నవారు జాగ్రత్త పడాలి. మరో విషయం అక్రిలమైడ్. చక్కెరలు, ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం 120 డిగ్రీలు దాటిన వేడిలో కలిసినప్పుడు పుట్టే ఈ పదార్థం వేయించిన చికోరీలో కాఫీ కన్నా ఎక్కువ. 2017లో ఐరోపా సమాఖ్య చేసిన నిబంధనలో కిలోకు వేయించిన కాఫీకి 400 మైక్రోగ్రాములు, వట్టి చికోరీ ప్రత్యామ్నాయాలకు 4000 మైక్రోగ్రాములు ప్రమాణ స్థాయిలుగా పెట్టారు. వేరును మాడనీయకూడదనడానికి రుచితోపాటు ఇదీ కారణం. రోజుకు ఒకటి రెండు కప్పులతో ఆపడం వివేకం.

కల్తీ, చట్టం

పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో కాఫీ పేరిట అమ్మిన పొడిలో చికోరీ ఎంతుందో కొనేవారికి తెలిసేది కాదు. రసాయన పరీక్షలతో దాన్ని కనిపెట్టలేమని ప్రభుత్వంలోని పెద్దలే చెప్పేవారు. 1850లో ఆర్థర్ హిల్ హాసల్ అనే వైద్యుడు పొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, కాఫీ గింజ కణాలకూ చికోరీ వేరు కణాలకూ తేడా చూపించాడు. ఆయన పరిశోధనలు లాన్సెట్ పత్రికలో వరుసగా వచ్చి 1860 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టానికి దారితీశాయి.

భారతదేశంలో కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన. రెండింటి శాతాలూ పొట్లం మీద ముద్రించాలి. వట్టి కాఫీ అని రాసి చికోరీ కలిపితే అది నేరం. ఇంట్లో తెలుసుకునే పరీక్ష తేలిక. గాజు గ్లాసులో చల్లని నీళ్ళు పోసి పైన చిటికెడు పొడి చల్లాలి. కాఫీ పొడి నూనె వల్ల తేలుతుంది. చికోరీ క్షణాల్లో గోధుమ రంగు గీతలు విడుస్తూ అడుక్కి దిగుతుంది.

ఆ గీతలు చికోరీ నాసిరకమనడానికి సాక్ష్యం కావు. రుచికి, చిక్కదనానికి, కెఫీన్ లేని కప్పుకు కోరి కలుపుకున్న వేరు అది. పొట్లం మీద దాని పేరూ శాతమూ రాసి ఉంటే చికోరీ కాఫీకి తోడు. ఆ పేరు దాచి అమ్మినప్పుడే అది మోసం. కొనేముందు ఆ చిన్న అక్షరాలను ఒక్కసారి చదివితే, తాను తాగేదేమిటో, ఎంతో ఎంచుకునే హక్కు తాగేవారి చేతిలోనే ఉంటుంది.